సెలైన్ పెట్టించుకున్నా నీరసం తగ్గట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 38. గుంటూరు అరండల్‌పేటలో బట్టల షాపులో చేస్తాను, రోజంతా నిలబడే పని. మధ్యాహ్నం దాటితే ఒంట్లో ఓపిక ఉండదు, మెట్లెక్కితే ఆయాసం. నెలసరి కూడా ఎక్కువ రోజులు అవుతోంది. మా వీధిలో ఆర్‌ఎంపీ గారి దగ్గర గ్లూకోజు సెలైన్ పెట్టించుకుంటే ఒక పూట బాగుంటుంది, మళ్లీ మామూలే. నెలనెలా పెట్టించుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. 5 శాతం గ్లూకోజు ఉన్న అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, వంద కేలరీల లోపే. రెండు ఇడ్లీలు తింటే దాదాపు అంతే వస్తుంది, సూది పోటు కూడా ఉండదు. ఆ పూట హాయిగా అనిపించేది ఒంట్లోకి నీరు చేరినందుకూ, గంటసేపు నడుం వాల్చినందుకూ అయ్యుంటుంది.

అన్నం తిన్నా సెలైన్ ఎక్కించుకున్నా కణానికి అందేది గ్లూకోజే, కానీ కణం దాన్ని ఉన్నదున్నట్టు వాడుకోలేదు, ఏటీపీ అనే పదార్థం తయారుచేసుకుని దాంతోనే పని నడుపుకుంటుంది. ఒక్కో గ్లూకోజు అణువు నుంచి ఆక్సిజన్ లేకుండా మిగిలేది రెండే రెండు ఏటీపీలు. అదే కణంలో శక్తి తయారయ్యే భాగమైన మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో పూర్తిగా ఖర్చయితే సుమారు 30 వస్తాయి. పైగా కండరంలో ఉండే ఏటీపీ నిల్వ గట్టిగా పనిచేస్తే కొన్ని సెకన్లకే సరి, కాబట్టి ఎప్పటికప్పుడు తయారవుతూనే ఉండాలి.

ఇక్కడే మీ నెలసరి సంగతి వస్తుంది, నా అనుమానమంతా దానిమీదే. రక్తం ఎక్కువగా పోతే ఐరన్ పోతుంది. ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కి ఐరన్ కావాలి, మైటోకాండ్రియా లోపల ఏటీపీ తయారీకి అవసరమైన సైటోక్రోములనే ప్రోటీన్లకీ ఐరనే కావాలి, అంటే దెబ్బ రెండు వైపులా పడుతుంది. గాలి తగలని పొయ్యిలో ఎన్ని కట్టెలు దోపినా పొగే కదా, మీరు ఎక్కించుకుంటున్న గ్లూకోజు అలాంటి కట్టెలే.

ముందు సీబీపీ (రక్తకణాల లెక్క, హిమోగ్లోబిన్), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, షుగర్, బి12 పరీక్షలు చేయించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. 12 దాటినా ఫెరిటిన్ బాగా తక్కువగా ఉంటే నీరసం ఉండొచ్చు, చాలామంది ఆ పరీక్ష చేయించరు. గైనకాలజిస్టును కూడా తప్పకుండా కలవండి, బ్లీడింగ్ ఎందుకవుతోందో తేలకపోతే ఎన్ని మాత్రలు మింగినా అటు పోస్తుంటే ఇటు కారిపోతుంది. ఖర్చు గురించి టెన్షన్ ఉంటే మీ గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌కి వెళ్లండి.

ఐరన్ మాత్ర రాస్తే టీతో మాత్రం వేసుకోవద్దు, ముందూ వెనకా గంటన్నా తేడా ఉండాలి, నిమ్మరసం తాగితే మంచిది. విరేచనం నల్లగా వస్తే భయపడకండి, మాత్ర వల్లే. బి కాంప్లెక్స్ ‘బలం సూదులు’ ఆ విటమిన్లు తక్కువైన వాళ్లకే పనికొస్తాయి, మీకు అవసరమో కాదో రిపోర్టు చూశాక చెప్పొచ్చు. ఈలోపు కళ్లు తిరిగి పడిపోయినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా, గుండెలో నొప్పి అనిపించినా రిపోర్టుల కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.