తమ్ముడికి వృషణంలో జెర్మ్ సెల్ ట్యూమర్, ఊపిరితిత్తులకి పాకింది అంటున్నారు. బతుకుతాడా?

బతికే అవకాశాలే ఎక్కువండీ. మీ తమ్ముడికి 24 ఏళ్లు, వృషణం తీసేశారు, రిపోర్టులో నాన్ సెమినోమా అని వచ్చింది (జెర్మ్ సెల్ ట్యూమర్ అంటే వీర్యకణాలకి మూలమైన కణాల్లో పుట్టే క్యాన్సర్, అందులో సెమినోమా, నాన్ సెమినోమా అని రెండు రకాలు), ఊపిరితిత్తుల్లో చిన్న గడ్డలున్నాయి, థర్డ్ స్టేజ్ అన్నారు, వచ్చే వారం కీమో మొదలు, ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు అని రాశారు. నాకూ ఇదే రకం వచ్చింది, బయటపడేసరికే కడుపు వెనక భాగంలో ఉండే లింఫ్ గ్రంథుల దాకా పాకింది. కీమో, తర్వాత పెద్ద ఆపరేషన్ అయ్యాయి, ఇప్పుడు మామూలుగా ఉద్యోగం చేసుకుంటున్నాను. నేను డాక్టర్ని కాను, పడ్డవాడిగా చెప్తున్నాను.

ముందు ఆ స్టేజ్ మాట దగ్గర టెన్షన్ తగ్గించుకోండి. వృషణాల క్యాన్సర్‌లో నాలుగో స్టేజ్ అనేదే లేదు. ఒంట్లో వేరే చోటికి పాకాక కూడా పూర్తిగా నయమయ్యే క్యాన్సర్లు చాలా తక్కువ, వాటిలో ఇదొకటి. ఇక్కడ అసలు చూడాల్సింది మార్కర్లు, అంటే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్షలు, ఇంకా జబ్బు ఊపిరితిత్తులు, లింఫ్ గ్రంథులు దాటి కాలేయానికో మెదడుకో ఎముకలకో వెళ్లిందా అన్నది. వీటిని బట్టి గుడ్, ఇంటర్మీడియట్, పూర్ రిస్క్ అని మూడు రకాలుగా విడదీస్తారు. ఊపిరితిత్తుల్లో గడ్డలున్నా మార్కర్లు తక్కువగా ఉంటే గుడ్ రిస్క్‌లోనే వేస్తారు. 1997లో ఈ వర్గీకరణ చేసినప్పుడు నాన్ సెమినోమా గుడ్ రిస్క్ వాళ్లలో ఐదేళ్ల తర్వాత 92 శాతం మంది బతికున్నారు, పూర్ రిస్క్‌లో 48 శాతం. 2021లో మళ్లీ లెక్క చూస్తే అవి 96, 67 అయ్యాయి. అంటే పూర్ రిస్క్ అన్నా ఆశ వదులుకోవాల్సిన పని లేదు.

ఇదంతా సిస్‌ప్లాటిన్ అనే మందు పుణ్యం. 1974లో ఇండియానా యూనివర్సిటీలో డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్ దాన్ని మరో రెండు మందులతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు, అంతకుముందు ఇలా పాకినవాళ్లలో ఎక్కువమంది దక్కేవాళ్లు కాదు. మన యువరాజ్ సింగ్ 2012లో కీమో తీసుకున్నది ఆయన దగ్గరే. యువీకి వచ్చింది ఛాతీలో, సెమినోమా రకం. అదే ఏడాది సెప్టెంబర్‌లో మళ్లీ ఇండియాకి ఆడాడు.

ఇక కీమో. చాలామందికి బీఈపీ ఇస్తారు, అంటే బ్లియోమైసిన్, ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్. 21 రోజులకో సైకిల్, గుడ్ రిస్క్ అయితే మూడు, మిగతావాళ్లకి మామూలుగా నాలుగు. కష్టంగానే ఉంటుంది, దాచను. వాంతులకి ఇప్పుడు మంచి మందులున్నాయి, కానీ నీరసం, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో గుయ్ మనే మోత నన్ను బాగా సతాయించాయి, వేళ్ల తిమ్మిరి చాలా నెలలు పోలేదు. మీరు గట్టిగా పట్టుకోవాల్సింది ఏంటంటే, సైకిళ్లు చెప్పిన తేదీకే జరగాలి. ముహూర్తం బాలేదనో, ఎవరో పసరు మందు బాగా పనిచేస్తుందన్నారనో, బాగా చిక్కిపోయాడు కదా కాస్త తేరుకోనిద్దాం అనో మీ అంతట మీరు వాయిదా వేయకండి, వాడిని ప్రేమించే బంధువులే ఈ మాటలంటారు, అయినా వినకండి. జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా హాస్పిటల్‌కి తీసుకెళ్లండి, తెల్లకణాలు పడిపోయి ఉంటే కొన్ని గంటల ఆలస్యం కూడా ప్రమాదమే. పొడి దగ్గో ఆయాసమో వస్తే వెంటనే చెప్పాలి, బ్లియోమైసిన్ ఊపిరితిత్తులని దెబ్బతీయగలదు. సిగరెట్ అలవాటుంటే ఇవాళే మానేయాలి. మొదటి సైకిల్‌లో మార్కర్లు ఒక్కోసారి కాస్త పెరిగి తర్వాత దిగుతాయి, అది చూసి బెంబేలెత్తకండి.

కీమో అయ్యాక స్కాన్‌లో గడ్డలు మిగిలితే ఆపరేషన్ చేసి తీయాలంటారు. నాకు తీసినదాంట్లో టెరటోమా అనే రకం గడ్డ ఉందని తేలింది, అది కీమోకి లొంగదు, వదిలేస్తే పెరుగుతుంది. ఈ ఆపరేషన్ మాత్రం తరచూ చేసే సర్జన్ దగ్గరే చేయించండి, దూరమైనా సరే. బ్లియోమైసిన్ తీసుకున్న సంగతి మత్తు డాక్టర్‌కి మీరే గుర్తు చేయండి. ఖర్చు గురించి భయపడుతుంటే ఆరోగ్యశ్రీ డెస్క్‌లో అడగండి, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖలో హోమీ భాభా లాంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రులు కూడా ఉన్నాయి.

తర్వాత కొన్నేళ్లు చెకప్‌లు తప్పవు. తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే, అప్పుడు కూడా నయం చేసే దారులున్నాయి.

ఒక్కటి మాత్రం ఈ వారంలోనే అయిపోవాలి, వీర్యం దాచిపెట్టించడం. కీమో వల్ల కణాలు తగ్గొచ్చు, కొందరికి తిరిగి వస్తాయి, కొందరికి రావు, కడుపు ఆపరేషన్‌లో నరాలు దెబ్బతింటే వీర్యం బయటికి రాకపోవచ్చు కూడా. అమ్మానాన్నల ముందు ఈ మాట ఎత్తడానికి మీ తమ్ముడు సిగ్గుపడతాడు, డాక్టర్ కూడా హడావుడిలో మర్చిపోవచ్చు. కాబట్టి వాడిని పక్కకి పిలిచి మీరే అడగండి, కీమో మొదలయ్యేలోపు స్పెర్మ్ బ్యాంక్‌కి తీసుకెళ్లండి.