ఆవిర్లు తగ్గాలంటే గర్భసంచి తీయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 47. ఎనిమిది నెలలుగా నెలసరి గాడి తప్పింది. ఉన్నట్టుండి ముఖం, మెడ భగ్గుమంటాయి. రాత్రిళ్లు జాకెట్టు తడిసిపోయి లేచి కూర్చుంటున్నా. చిన్న మాటకే పిల్లల మీద అరుస్తున్నా. కలయికంటే మంట, నొప్పి. మావారేమో నా మీద ఇష్టం పోయిందంటున్నారు. ‘గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది’ అంటోంది మా తోడికోడలు. ఏం చేయమంటారు? – ఓ సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు మీ తోడికోడలి మాట సంగతి చూద్దాం. ఈ ఆవిర్లకు కారణం గర్భసంచి కాదు. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఒక నెల ఎక్కువగా, ఒక నెల తక్కువగా ఉంటే, ఒంటి వేడిని అదుపు చేసే మెదడు భాగం తికమకపడుతుంది. కాస్త వేడి పెరిగినా చర్మంలోని రక్తనాళాలను తెరిచి చెమట పట్టిస్తుంది. గర్భసంచి తీస్తే నెలసరి ఆగుతుంది గానీ ఆవిర్లు ఆగవు. దాంతోపాటు అండాశయాలూ తీసేశారంటే, కొన్నేళ్లలో మెల్లగా తగ్గాల్సిన హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. సెగలు ఇంకా ముదురుతాయి, ఎముకలూ త్వరగా గుల్లబారతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్ ఎక్కువగా కనిపించే రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. మన ఇళ్లలో ఈ సలహా ఇంత తేలిగ్గా రావడానికి అదో కారణం. పెద్ద గడ్డలు, క్యాన్సర్ అనుమానం, మందులకు లొంగని రక్తస్రావం ఉంటే అది వేరే సంగతి.

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అంటారు. మీరింకా దాని ముందు దశలో ఉన్నారు. 45 దాటినవారికి హార్మోన్ పరీక్షలు సాధారణంగా అక్కర్లేదు, ఆ అంకెలు రోజుకో రకంగా మారతాయి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, బీపీ మాత్రం చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే చెమటలు, గుండె దడ, చిరాకు వస్తాయి.

రెండు వారాలపాటు ఆవిరి వచ్చిన టైము, అంతకుముందు ఏం తిన్నారో, ఏం తాగారో రాసి పెట్టుకోండి. సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడి వేడివేడి టీ తాగాక వస్తోందా? పచ్చిమిర్చి కారం తిన్న రాత్రి ఎక్కువవుతోందా? మీకు ఏది పడటం లేదో తేలాక దాన్నొక్కదాన్నే తగ్గించండి, అన్నీ మానక్కర్లేదు. రాత్రి వదులైన నూలు నైటీ వేసుకోండి. మందపాటి దుప్పటి బదులు పల్చటివి రెండు పెట్టుకుంటే ఒకటి తీసేయొచ్చు. అయినా నిద్ర కరవైతే గైనకాలజిస్టుతో హార్మోన్ చికిత్స గురించి మాట్లాడండి. ఆవిర్లకు అన్నిటికంటే బాగా పనిచేసేది అదే. గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్ కూడా ఇవ్వాలి, లేకపోతే గర్భసంచి లోపలి పొర మందమై క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి ఇది సాధారణంగా పనికిరాదు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. ఇలాంటివారికి హార్మోన్ లేని మందులున్నాయి.

ఎముకల కోసం రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలి. 100 గ్రాముల రాగిపిండి సంకటిలో సుమారు 350, రెండు గ్లాసుల పాలలో 480 దాకా వస్తాయి. మిగతాది మునగాకు, నువ్వులతో సర్దుకోవచ్చు. క్యాల్షియం మాత్ర వాడితే ఐరన్ మాత్రకు రెండు గంటల ఎడం ఉంచండి, కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటపట్టదు. నడకతో పాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి, రోజుకు రెండు విడతలు.

ఇక మీవారి సంగతి. ఆయన ఊహించుకుంటున్నది వేరు, జరుగుతున్నది వేరు. ఈస్ట్రోజెన్ తగ్గి యోని గోడ పల్చబడి పొడిబారుతుంది, అందుకే మంట. ‘మీ మీద ఇష్టం తగ్గలేదండీ, అక్కడ పొడిబారి నొప్పిగా ఉంటోంది’ అని తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి, మంచం మీద గొడవ మధ్యలో కాదు. నీటి ఆధారిత జెల్ వాడండి. చాలకపోతే డాక్టరు ఈస్ట్రోజెన్ క్రీమ్ రాస్తారు. కండోమ్ వాడేవారైతే కొబ్బరినూనె వద్దు, అది చిరిగిపోతుంది. 50 లోపు నెలసరి ఆగినా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కాకపోతే ఇంకో రెండేళ్లు జాగ్రత్త అవసరం.

పిల్లల మీద అరుపుల్లో సగం నిద్రలేమి వల్లే. కానీ రెండు వారాలైనా దిగులు తీరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు (14416) ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

గంటకో ప్యాడ్ మార్చాల్సి వచ్చినా, పెద్ద రక్తపు గడ్డలు పడినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. నెలసరి ఏడాదిపాటు ఆగాక ఒక్క చుక్క కనిపించినా ‘మళ్లీ మొదలైందిలే’ అనుకోవద్దు. ఆ వారంలోనే స్కానింగ్ చేయించుకోండి.