యాంటీ హెచ్‌సీవీ పాజిటివ్ వస్తే వెంటనే మందులు వాడాలా?

మిర్యాలగూడలో కంటి ఆపరేషన్‌కు ముందు చేసిన హెచ్‌సీవీ (కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-సి వైరస్) కార్డు టెస్టులో మీ నాన్నగారికి పాజిటివ్ వచ్చిందన్నారు గదా, ఆగండి. ఆ కార్డు టెస్టు చూపేది యాంటీబాడీని (వైరస్‌పై పోరాడేందుకు ఒంట్లో తయారయ్యే పదార్థాన్ని), వైరస్‌ను కాదు. కొందరిలో వైరస్ దానంతటదే పోయినా యాంటీబాడీ మిగిలిపోతుంది. రక్తంలో వైరస్‌నే వెతికే హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో అది కనిపిస్తేనే మందు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ పరీక్ష, మందులు ఉచితం. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి.

సిర్రోసిస్ (కాలేయం గట్టిపడిపోవడం) లేకుంటే మామూలుగా సోఫోస్‌బువిర్ 400, డాక్లాటాస్‌విర్ 60 మిల్లీగ్రాములు రోజుకొకసారి, 12 వారాలు. ముందుగా హెపటైటిస్-బి చూడాల్సిందే. అదీ ఉంటే హెపటైటిస్-సి తగ్గేకొద్దీ బి విజృంభించవచ్చు. గుండెకు అమియోడరోన్ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, నాడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. పసిరికలకు (కామెర్లకు) ఇచ్చే నాటు పసరు జోలికి మాత్రం పోకండి.

కోర్సు అయిపోయిన 12 వారాలకు మళ్లీ ఆర్‌ఎన్‌ఏ చేయించాలి, అది నెగెటివ్ వస్తే నయమైనట్టే. నయమైనా కార్డు టెస్టు పాజిటివ్‌గానే చూపిస్తుంటుంది కాబట్టి ఆ ఆర్‌ఎన్‌ఏ నెగెటివ్ రిపోర్టు భద్రంగా దాచిపెట్టుకోండి.