ఎండిన సముద్ర దోసకాయల జాతిని గుర్తించే పని వృత్తి అవుతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం. ఎండు చేపల వ్యాపారం చేస్తాం. బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, ఎండిన సముద్ర దోసకాయల (సముద్రపు అడుగున బతికే, దోసకాయ ఆకారపు మెత్తటి జీవుల) జాతులను గుర్తించే పని నేర్చుకుంటానంటోంది. అందులో ఉద్యోగాలు ఉంటాయా? మేము ఆ సరుకు వ్యాపారం చేయవచ్చా?

జవాబు: ముందుగా రెండో ప్రశ్న. చేయకూడదు. 2001లో సముద్ర దోసకాయలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో చేర్చారు. పులితో పాటు అదే షెడ్యూలులో ఉన్న ఈ జీవులను పట్టినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల దాకా జైలు శిక్ష పడే ప్రమాదం ఉంది.

ఇక అమ్మాయి ఆసక్తి విషయం. ఎండు నెత్తళ్లను, వంజరాన్ని మీరు చూడగానే పోల్చుకుంటారు, ఎందుకంటే ఎండినా తల, తోక, ముళ్లు మిగులుతాయి. సముద్ర దోసకాయను పేగులు తీసి, ఉడికించి, ఎండబెట్టాక తాజా బరువులో పదో వంతు కూడా మిగలదు. రంగు మారి, ముడుచుకుపోయి, రబ్బరు ముక్కలాగా తయారవుతుంది. అయితే దాని చర్మంలో కంటికి కనబడని సున్నపు కణికలు ఉంటాయి. గోరంత చర్మాన్ని బట్టలకు వాడే బ్లీచు ద్రావణంలో వేస్తే మాంసం కరిగి కణికలు అడుగున మిగులుతాయి. వాటిని నీటితో కడిగి మైక్రోస్కోపు కింద పెడితే కొన్ని జాతులలో బల్లల ఆకారం, బొత్తాల ఆకారం, మరికొన్నిటిలో కొమ్మల్లా చీలిన కడ్డీలు కనిపిస్తాయి. పొరపాటున వెనిగర్ వాడితే కణికలే కరిగిపోతాయి. కణికలు ఒకేలా ఉండే దగ్గరి జాతులను విడదీయడానికి డీఎన్ఏ పరీక్ష అవసరమవుతుంది. ఉడికిన సరుకులో డీఎన్ఏ ముక్కలై ఉంటుంది కనుక అది ఓపిక అడిగే పని. అరుదైన జీవుల వ్యాపారంపై దేశాల మధ్య కుదిరిన సైటిస్ ఒప్పందం 2020 నుంచి మూడు సముద్ర దోసకాయ జాతుల వ్యాపారాన్ని, 2024 నుంచి థెలెనోటా అనే మరో సముద్ర దోసకాయ ప్రజాతి వ్యాపారాన్ని నియంత్రిస్తోంది కాబట్టి, ఇతర దేశాల కస్టమ్స్ అధికారులకు జాతి పేరు తేలడం ముఖ్యం. మన దేశంలో అన్నీ నిషిద్ధమే అయినా, పట్టుబడిన సరుకు ఏ జాతిదో తెలిస్తే అది ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఊహించే వీలుంటుంది.

కానీ ఈ ఒక్క నైపుణ్యం పేరుతో ఉద్యోగ ప్రకటన రాదు. సముద్ర జీవుల వర్గీకరణ, డీఎన్ఏ పద్ధతులు రెండూ వచ్చినవారికే అవకాశాలు ఉంటాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్రానికి చెందిన ఎంఎస్సీ చేసి, సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ రాసి పరిశోధన వైపు వెళ్లడం నేను సూచించే దారి. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) ప్రాంతీయ కేంద్రం, హైదరాబాదులో వన్యప్రాణి నేర పరీక్షలు చేసే లాకోన్స్ ప్రయోగశాల చూడదగిన చోట్లు. మొదట దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు కాలానికే పరిమితమైన ఉద్యోగాలు. స్థిరపడటానికి కొన్నేళ్లు పడుతుందని ఇంట్లో అందరూ ముందే అనుకోవాలి.

సాధన కోసం సముద్ర దోసకాయను, చచ్చినదైనా సరే, ఇంటికి తేవద్దని అమ్మాయికి చెప్పండి. మీ సరుకులోనే గొరక చేపల తలలు ఉంటాయి కదా. వాటి లోపలి చెవిరాళ్లు కూడా సున్నపువే, జాతిని బట్టి ఆకారం మారేవే. ఈ వేసవిలో వాటిని తీసి, కడిగి, ఏ చేపవో రాసి, చీటీలతో భద్రపరచమనండి.