రుణ పీడనం లోపలికి లాగాలి కదా, విస్తరణ వేగం ఎలా పెరుగుతోంది?

విశ్వ విస్తరణ వేగంపై మీరు పంపిన లెక్క రెండుసార్లు చూశాను. గుర్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి. కృష్ణశక్తికి (విస్తరణ వేగాన్ని పెంచుతోందని భావిస్తున్న అంతుచిక్కని శక్తి, డార్క్ ఎనర్జీ) రుణ పీడనం, అంటే సున్నా కన్నా తక్కువ పీడనం ఉంటే విశ్వం లోపలికి ముడుచుకోవాలి కదా అన్న మీ ఊహ దగ్గరే చిక్కు వచ్చింది.

బెలూను ఉబ్బాలంటే లోపలి పీడనం బయటి పీడనం కన్నా ఎక్కువ ఉండాలి. అంటే బలం పుట్టేది తేడా వల్ల. విశ్వమంతటా పీడనం ఒకేలా ఉంటే నెట్టడమూ లేదు, లాగడమూ లేదు. మిగిలేది దాని గురుత్వ ప్రభావం ఒక్కటే.

కృష్ణశక్తికి అతి సరళమైన రూపం ఐన్‌స్టీన్ విశ్వ స్థిరాంకం, అంటే శూన్యానికే ఉండే మారని శక్తి. దాన్నే తీసుకుందాం. సిలిండర్‌లో శూన్యం తప్ప మరేమీ లేదనుకోండి. పిస్టన్‌ను బయటికి లాగితే ఘనపరిమాణం పెరుగుతుంది, శక్తి సాంద్రత మాత్రం మారదు. పెరిగిన శక్తి మీ చేతి శ్రమ నుంచే రావాలి. అంటే పీడనం సరిగ్గా మైనస్ శక్తి సాంద్రత, రెండింటి నిష్పత్తి మైనస్ ఒకటి!

ఇప్పుడు విస్తరణ వేగం పెరుగుతుందో తగ్గుతుందో చెప్పే ఫ్రీడ్‌మాన్ త్వరణ సమీకరణంలో సాంద్రతకు మూడు రెట్ల పీడనాన్ని కలపండి. ఒకటిలో మూడు పోతే మైనస్ రెండు. సమీకరణంలో బ్రాకెట్ బయట ఉన్న మైనస్‌తో అది ప్లస్ అవుతుంది, అంటే విస్తరణ వేగం పెరుగుతుంది. 1998లో సూపర్‌నోవాలు (పేలిపోయే నక్షత్రాలు) చూపించిన త్వరణం ఇదే.

కృష్ణశక్తి స్థిరంగా ఉండదనే క్వింటెసెన్స్ నమూనాలో పీడనానికీ సాంద్రతకూ ఉన్న ఈ నిష్పత్తి కాలంతో మారవచ్చు. అది మైనస్ మూడింట ఒకటి కన్నా తక్కువగా ఉండి, కృష్ణశక్తిదే పైచేయి అయితే త్వరణం తప్పదు. గెలాక్సీల పటం గీస్తున్న డెసి (DESI) సర్వే 2024, 2025 ఫలితాల్లో అలాంటి మార్పు సూచనలు కనిపించాయి. అవి ఇంకా నిర్ధారణ కాలేదు కాబట్టి మీ లెక్కకు ప్రస్తుతం మైనస్ ఒకటే వాడండి.