విశ్వవిద్యాలయాలు సైబర్ దాడులకు ఎందుకు సులువుగా చిక్కుతాయి? బ్యాకప్ ఉంటే సరిపోదా?

విశ్వవిద్యాలయాలు సులువుగా చిక్కడానికి ముఖ్య కారణం వాటి నెట్‌వర్క్‌ను ఎందరికో తెరిచి ఉంచక తప్పకపోవడం. బ్యాకప్ ఉన్నంత మాత్రాన ఆ ముప్పు తొలగదు.

బ్యాంకులో ఉద్యోగులు సాధారణంగా సంస్థ ఇచ్చిన కంప్యూటర్ల మీదే పని చేస్తారు. విశ్వవిద్యాలయంలో మాత్రం ఏటా వేల మంది కొత్త విద్యార్థులు సొంత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లతో చేరతారు, పరిశోధకులు ఇతర దేశాల ప్రయోగశాలలతో సమాచారం పంచుకుంటారు, ఒక్కో విభాగం తన అవసరానికి తగిన సర్వర్‌ను తానే కొనుక్కుంటుంది. వాటిలో కొన్ని ఉన్నట్టు కేంద్ర కంప్యూటర్ విభాగానికి తెలియను కూడా తెలియదు. తెలియని యంత్రానికి భద్రతా అప్‌డేట్‌లు చేసేవారెవరు? బడ్జెట్ కొరత కంటే నాకు ఇదే పెద్ద సమస్యగా కనిపిస్తుంది.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో 2019 అక్టోబరులో ఒక మోసపూరిత ఈమెయిల్ లింకును తెరవడంతో దుండగులు లోపలికి ప్రవేశించారు. రెండు నెలలకు పైగా ఎవరి కంటా పడకుండా నెట్‌వర్క్ అంతా తిరిగి, క్రిస్మస్ సెలవుల ముందు, డిసెంబరు 23న, 267 సర్వర్లలోని ఫైళ్లకు ఎవరూ తెరవలేకుండా తాళం వేసి, దాన్ని తీయడానికి డబ్బు అడిగారు. పరీక్షలు, జీతాలు, పరిశోధనల పనులు ఆగిపోయే పరిస్థితి రావడంతో విశ్వవిద్యాలయం 30 బిట్‌కాయిన్లు, అంటే సుమారు 2 లక్షల యూరోలు చెల్లించింది.

బ్యాకప్ ఉంటే డబ్బు కట్టే అవసరమే రాదని చాలామంది అనుకుంటారు. అక్కడ కొన్ని బ్యాకప్‌లు కూడా అదే నెట్‌వర్క్‌కు కలిసి ఉండటంతో వాటికీ తాళం పడింది. కనీసం ఒక ప్రతిని నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా విడిగా ఉంచి, దాని నుంచి సమాచారం నిజంగా తిరిగి వస్తోందో లేదో అప్పుడప్పుడు పరీక్షిస్తేనే బ్యాకప్ అక్కరకు వస్తుంది.