రూట్ చేసిన ఫోన్‌కి సిస్టమ్ అప్‌డేట్ ఎందుకు ఎక్కట్లేదు? కస్టమ్ రోమ్ వేస్తే వస్తుందా?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. ఈమధ్యే రూట్ చేసిన (అంటే సిస్టమ్ ఫైళ్ళు కూడా మార్చగల పూర్తి అధికారం తెచ్చుకున్న) ఫోన్‌లో అప్‌డేట్ డౌన్‌లోడ్ అవుతోంది గానీ ఇన్‌స్టాల్ దగ్గర ఆగిపోతోంది. అన్‌రూట్ చేస్తే ఎక్కుతుందా? లేక కంపెనీ సిస్టమ్ బదులు బయటివాళ్ళు తయారుచేసిన ఆండ్రాయిడ్, అంటే కస్టమ్ రోమ్‌కి వెళ్ళిపోవడమే మేలా? (రోమ్ అనే రాస్తున్నాను, మెమరీ రామ్‌తో కలిసిపోకుండా. ఇటలీ రాజధాని అనుకున్నా నష్టం లేదు.)

అన్‌రూట్ చేస్తే ఎక్కొచ్చు, ఎక్కకపోనూవచ్చు. మీరు ఏ పద్ధతిలో రూట్ చేశారు, ఆ తర్వాత సిస్టమ్‌లో ఏం ముట్టుకున్నారు అన్నదాని మీద ఉంటుంది. ఈ రెండు రకాల దెబ్బలూ నేను తిన్నవే కాబట్టి వాటితోనే చెప్తాను.

2014లో ఇంజనీరింగ్ హాస్టల్లో ఉండగా నా మొదటి స్మార్ట్‌ఫోన్ రూట్ చేశాను. 8 జీబీ ఫోను, నా చేతికి మిగిలింది 5 జీబీ చిల్లర. కంపెనీ వాళ్ళు అంటగట్టిన యాప్‌లు తీసేస్తే జాగా వస్తుందని నా ఆశ. రూట్ అయ్యాక ఒక్కొక్కటీ పీకి పారేశాను. తీరా చూస్తే జాగా ఒక్క ఎంబీ కూడా పెరగలేదు! ఫోన్ స్టోరేజీని పార్టిషన్లుగా, అంటే గదులుగా విడగొట్టి ఉంచుతారు. సిస్టమ్ పార్టిషన్ వేరు, మనం వాడుకునే డేటా పార్టిషన్ వేరు. అక్కడ ఖాళీ చేస్తే ఇక్కడికి రాదు. ఆ సంగతి తెలిసేసరికి పని అయిపోయింది.

కొన్నాళ్ళకి ఆండ్రాయిడ్ 4.4, అంటే కిట్‌క్యాట్ అప్‌డేట్ వచ్చింది. హాస్టల్ వైఫైలో రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టి, పొద్దున్నే ఇన్‌స్టాల్ నొక్కితే ఫోన్ రీస్టార్ట్ అయి, ఆ పచ్చ ఆండ్రాయిడ్ బొమ్మ వెల్లకిలా పడిపోయి, పొట్ట మీద ఎర్ర త్రికోణం. లాగ్ (ఏం జరిగిందో ఫోన్ రాసుకునే చిట్టా) తెరిస్తే స్టేటస్ 7 అని ఒక ఎర్రర్, దానికి పైన నేను తీసేసిన ఒక యాప్ పేరు. అప్పటి అప్‌డేట్‌లు ఫైలు ఫైలుగా పనిచేసేవి. కొత్త ఫైలు మొత్తం పంపరు, పాతదానికీ కొత్తదానికీ ఉన్న తేడా మాత్రమే పంపుతారు. ఆ తేడా అతికించాలంటే పాత ఫైలు అచ్చం కంపెనీ పెట్టినట్టే ఉండాలి. ముందుగా ఒక్కో ఫైలు హ్యాష్ (ఫైలులోంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) చూసుకుంటుంది, ఒక్కటి తేడా వచ్చినా మొత్తం ఆపేస్తుంది. పెళ్ళయ్యాక షామియానా వాళ్ళు గిన్నెలు లెక్కపెట్టుకున్నట్టు. ఒక గరిటె తగ్గినా బండి కదలదు.

గరిటె పోతే పక్కింట్లోంచి తెచ్చి పెట్టొచ్చు కదా. నా రూమ్మేట్‌ది కూడా అదే మోడల్, అదే వెర్షన్. వాడి ఫోన్లోంచి ఆ ఫైళ్ళు బ్లూటూత్‌లో తెచ్చుకుని, అదే ఫోల్డర్‌లో పెట్టి, పర్మిషన్ 644 (అలాంటి సిస్టమ్ ఫైళ్ళకి మామూలుగా ఉండేది) చేశాను. అప్‌డేట్ ఎక్కింది. రూట్ మాత్రం పోయింది. అప్‌డేట్ చివర్లో సిస్టమ్ ఫోల్డర్లన్నిటికీ పర్మిషన్లు మళ్ళీ మొదటిలా సర్దుతుంది, ఆ సర్దుడులో రూట్‌ని నడిపే సూ అనే ఫైలుకున్న అధికారం ఊడిపోతుంది. అది పోకుండా దాచిపెట్టడానికి ఓటీఏ రూట్‌కీపర్ అని ప్రత్యేకంగా ఒక యాప్ ఉండేది ఆ రోజుల్లో. ఓటీఏ అంటే నెట్‌లో నేరుగా ఫోన్‌కి వచ్చే అప్‌డేట్.

రెండో దెబ్బ 2017లో, వేరే ఫోన్‌తో. ఈసారి యాప్‌లేవీ తీయలేదు, బుద్ధి వచ్చింది కదా. రూట్ ఫైల్ మేనేజర్‌తో సిస్టమ్‌లో హోస్ట్స్ ఫైలు (ఏ సైటు పేరు ఏ అడ్రసుకి వెళ్ళాలో చెప్పేది) మార్చాను, ప్రకటనలు రాకుండా. అప్‌డేట్ రాగానే అసలు హోస్ట్స్ ఫైలు మళ్ళీ పెట్టేసి, అన్‌రూట్ నొక్కి, ధీమాగా ఇన్‌స్టాల్ చేశాను. మళ్ళీ ఫెయిల్. అన్ని ఫైళ్ళూ సరిగ్గానే ఉన్నాయి, ఇంకేం కావాలి దీనికి?

లాగ్ చదివితే అర్థమైంది. సిస్టమ్ పార్టిషన్ ఇన్నిసార్లు రాయడానికి తెరిచారు, చివరిసారి ఫలానా రోజున అని అందులో రాసి ఉంది. ఆండ్రాయిడ్ 5.0 నుంచి గూగుల్ పద్ధతి మార్చింది. ఇప్పుడు ఫైళ్ళు చూడదు, పార్టిషన్ మొత్తాన్ని బ్లాకులు బ్లాకులుగా చూస్తుంది. మీరు ఒక్క అక్షరం మార్చకపోయినా సరే, సిస్టమ్‌ని ఒక్కసారి రైట్ మోడ్‌లో మౌంట్ చేస్తే, అంటే రాయడానికి వీలుగా తెరిస్తే చాలు. ఎన్నిసార్లు మౌంట్ అయింది, ఎప్పుడు అయింది అన్న లెక్క ఆ పార్టిషన్‌లోనే నమోదవుతుంది, దాంతో హ్యాష్ మారిపోతుంది. గిన్నెలన్నీ లెక్కకి సరిపోయినా, ఏ గిన్నె ఏ మూల ఉండాలో ఫొటో తీసుకుని వచ్చిన షామియానావాడు వీడు. పక్కింటి గరిటె ఇక్కడ చెల్లదు. మీరు కూడా అన్‌రూట్ చేసి చూసి ఫెయిలయి ఉంటే దాదాపు ఇదే కారణం.

దీనికి మందు ఒక్కటే. మీ వెర్షన్‌కి సరిగ్గా సరిపోయే పూర్తి ఫర్మ్‌వేర్ (కంపెనీ ఇచ్చే మొత్తం సిస్టమ్ సాఫ్ట్‌వేర్) దించుకుని, సిస్టమ్, బూట్ (ఫోన్‌ని లేపేది), రికవరీ (అప్‌డేట్ ఎక్కించేది) పార్టిషన్లు మళ్ళీ ఫ్లాష్ చేయడం, అంటే కొత్తగా రాయడం. లేదా చిన్న అప్‌డేట్ వదిలేసి పూర్తి ఓటీఏ ప్యాకేజీ వేయడం. పూర్తి ప్యాకేజీ పాతదాంతో పోల్చుకోదు, మొత్తం కొత్తగా రాసేస్తుంది. పిక్సెల్ ఫోన్లకి గూగుల్ ఈ ఫైళ్ళు నేరుగా ఇస్తుంది, కంప్యూటర్ నుంచి ఏడీబీ సైడ్‌లోడ్ అనే పద్ధతితో వేసుకోవచ్చు, డేటా పోదు. శాంసంగ్‌లో ఓడిన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో వేసేటప్పుడు సీఎస్‌సీ అనే ఫైలు బదులు హోమ్ సీఎస్‌సీ అనేది ఎంచుకుంటే డేటా నిలుస్తుంది. కాకపోతే శాంసంగ్‌లో నాక్స్ ఫ్యూజ్ (సాఫ్ట్‌వేర్ మార్చారని చిప్‌లో శాశ్వతంగా పడే గుర్తు) ఒకసారి పోతే పోయినట్టే, స్టాక్ (కంపెనీ అసలు) ఫర్మ్‌వేర్ వేసినా తిరిగి రాదు, సెక్యూర్ ఫోల్డర్ లాంటివి ఇక పనిచేయవు.

ఇప్పుడు మీ ఫోన్ సంగతి. ఈమధ్యే రూట్ చేశానన్నారు కాబట్టి మ్యాజిస్క్ అనే రూట్ యాప్‌తోనే చేసి ఉంటారు. 2016లో వచ్చిన ఈ మ్యాజిస్క్ తెలివి ఏమిటంటే సిస్టమ్‌ని ముట్టుకోదు, బూట్ పార్టిషన్‌లో ఉండే బూట్ ఇమేజ్‌ని మాత్రమే మారుస్తుంది. అంటే మీరు సరిచేయాల్సింది ఆ ఒక్క చిన్న పార్టిషన్. అయితే అప్‌డేట్ దాన్ని కూడా పోల్చి చూస్తుంది, అందుకే మీకు ఆగిపోతోంది.

ముందు మీ ఫోన్‌లో రెండు స్లాట్‌లు ఉన్నాయో లేదో చూడండి. కంప్యూటర్‌కి కలిపి, కంప్యూటర్ ఆదేశాలు తీసుకునే ఫాస్ట్‌బూట్ మోడ్‌లో కరెంట్ స్లాట్ ఏదని అడిగితే ఎ అనో బి అనో చెప్తుంది. ఏమీ చెప్పకపోతే స్లాట్‌లు లేవని లెక్క. ఆండ్రాయిడ్ 7తో వచ్చిన ఏర్పాటు ఇది. మీరు ఒక స్లాట్ మీద ఫోన్ వాడుకుంటుండగానే అప్‌డేట్ రెండో స్లాట్‌లో ఎక్కుతుంది. రీస్టార్ట్ చేస్తే అందులోకి మారుతుంది, బూట్ కాకపోతే పాతదానికి వెనక్కి వస్తుంది.

స్లాట్‌లు ఉంటే పని తేలిక. మ్యాజిస్క్ యాప్‌లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కి అందులో రీస్టోర్ ఇమేజెస్ ఎంచుకోండి. పూర్తిగా తీసేయొద్దు, రీస్టార్ట్ కూడా చేయొద్దు. వెంటనే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అప్‌డేట్ మొదలుపెట్టండి. అయిపోయాక రీస్టార్ట్ చేయమని అడుగుతుంది, అక్కడ చెయ్యి ఆపుకోవాలి. తిరిగి మ్యాజిస్క్‌లోకి వచ్చి, ఓటీఏ తర్వాత ఖాళీ స్లాట్‌లో ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్ నొక్కి, అక్కడి నుంచే రీబూట్ చేయండి. అప్‌డేటూ ఉంటుంది, రూటూ ఉంటుంది. అలవాటు కొద్దీ అప్‌డేట్ స్క్రీన్‌లోనే రీస్టార్ట్ నొక్కేసి నేను రెండుసార్లు రూట్ పోగొట్టుకున్నాను. పెద్ద నష్టమేం కాదు, కొత్త వెర్షన్ బూట్ ఇమేజ్ తెచ్చుకుని మ్యాజిస్క్‌తో ప్యాచ్ చేసి మళ్ళీ ఫ్లాష్ చేసుకోవాలి, అంతే. ఆండ్రాయిడ్ 13తో బయటికొచ్చిన ఫోన్లయితే ప్యాచ్ చేయాల్సింది ఇనిట్ బూట్ ఇమేజ్‌ని, మామూలు బూట్ ఇమేజ్‌ని కాదు. అప్‌డేట్‌కి ముందు మాడ్యూళ్ళు (మ్యాజిస్క్‌కి తగిలించుకునే అదనపు ముక్కలు) ఆపేయడం మరచిపోకండి. బూట్‌లూప్‌లు (పూర్తిగా లేవకుండా మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ అవడం) ఎక్కువగా వాటివల్లే వస్తాయి.

స్లాట్‌లు లేకపోతే స్టాక్ బూట్ ఇమేజ్, స్టాక్ రికవరీ రెండూ వెనక్కి పెట్టి, అప్‌డేట్ చేసి, కొత్త బూట్ ఇమేజ్‌తో మళ్ళీ రూట్ చేయాలి. ప్రతి నెలా ఇదే తంతు. మూడో నెలకి విసుగొచ్చి అప్‌డేట్‌లు మానేస్తారు, నేనూ మానేశాను. స్టేజ్‌ఫ్రైట్ అనే ఆండ్రాయిడ్ భద్రతా లోపం గోల తర్వాత 2015 ఆగస్టు నుంచి గూగుల్ నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. రూట్ ఉన్న ఫోన్, పైగా ఏడాది పాత ప్యాచ్, ఆ జోడీ మాత్రం నాకు నచ్చదు.

ఇక కస్టమ్ రోమ్. ఇక్కడ నా పాత ఫోన్ నాన్నకి ఇచ్చిన కథ చెప్పాలి. కంపెనీ దానికి అప్‌డేట్‌లు ఆపేసింది. నేను లీనేజ్ ఓఎస్ అనే కస్టమ్ రోమ్ వేశాను. సయానోజెన్‌మాడ్ అనే పాత రోమ్ 2016 చివర్లో మూతపడ్డాక దాని కోడ్ నుంచి పుట్టింది లీనేజ్. రూట్ చేయలేదు, రోమ్ ఒక్కటే. సెట్టింగ్స్‌లోనే అప్‌డేటర్ ఉంటుంది, నొక్కితే దించుకుని ఎక్కించుకుంటుంది. అచ్చం కంపెనీ ఫోన్‌లాగే. ఊళ్ళో ఉన్న నాన్న ఒకరోజు అప్‌డేట్ చూసి, కొడుకు పెట్టినదే కదా మంచిదే అయ్యుంటుందని నొక్కేశారు. ఫోన్ టీడబ్ల్యూఆర్‌పీ అనే బయటి రికవరీలోకి వెళ్ళి పాస్‌వర్డ్ అడిగింది. నేను వేసిన రికవరీ వెర్షన్ పాతది, ఆయన పెట్టుకున్న లాక్‌తో డేటా తెరవలేకపోయింది. ఆయన నంబరు కొడితే తప్పంటుంది, మళ్ళీ కొడితే మళ్ళీ తప్పు. అమ్మ ఫోన్‌లోంచి కాల్ చేసి, “ఏదో నీలం రంగు తెర వచ్చింది రా, ఎంత నొక్కినా పోవట్లేదు” అన్నారు. క్యాన్సిల్ నొక్కి, రీబూట్, అందులో సిస్టమ్ అని ఫోన్లోనే దారి చూపించడానికి అరగంట పట్టింది. తర్వాతి ఆదివారం బస్సెక్కి వెళ్ళి ఆ రికవరీ తీసేసి లీనేజ్ వాళ్ళ సొంత రికవరీ పెట్టాను. ఆ తర్వాత ఈ బెడద రాలేదు.

కాబట్టి కస్టమ్ రోమ్‌లో అప్‌డేట్‌లు వస్తాయి, కానీ కొన్ని మెలికలున్నాయి. అధికారిక బిల్డ్ (రోమ్ వాళ్ళే తయారుచేసి ఇచ్చినది) అయితేనే క్రమంగా వస్తాయి. అనధికారిక బిల్డ్ అంటే ఎవరో కుర్రాడు తన ఫోన్ కోసం చేసుకుని మనకీ పెట్టినది. అతనికి ఉద్యోగం వచ్చినా, కొత్త ఫోన్ కొన్నా అప్‌డేట్‌లు ఆగిపోతాయి, అతన్ని తప్పు పట్టడానికీ లేదు. తర్వాత అధికారిక బిల్డ్‌కి మారదామంటే బిల్డ్ మీద వేసే డిజిటల్ సంతకం కీలు కలవవు, ఫార్మాట్ చేయాలి. పెద్ద వెర్షన్ మారినప్పుడు లీనేజ్ అప్‌డేటర్ దానంతట అది చూపించదు. సైడ్‌లోడ్ చేసి, ఆ వెర్షన్‌కి తగ్గ గూగుల్ యాప్‌ల ప్యాకేజీ కూడా బూట్ అవకముందే వేయాలి. ఇంకోటి, సెట్టింగ్స్‌లో రెండు తేదీలు కనిపిస్తాయి. ఒకటి ఆండ్రాయిడ్ ప్యాచ్ తేదీ, రెండోది వెండర్ (ఫోన్, చిప్ కంపెనీల) ప్యాచ్ తేదీ. మొదటిది ఈ నెలది ఉంటుంది, రెండోది కంపెనీ చేతులెత్తేసిన రోజు దగ్గరే నిలబడి ఉంటుంది. మోడెమ్, చిప్ డ్రైవర్ల లాంటివి రోమ్ చేసేవాళ్ళ చేతిలో లేవు. కొత్త ఆండ్రాయిడ్ కనబడిందని అంతా కొత్తదనుకోకండి.

యూపీఐ మాట కూడా చెప్పాలి. రూట్‌కైనా రోమ్‌కైనా మామూలుగా ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ చేయగానే మొదట నడిచేది) అన్‌లాక్ చేస్తాం. అది అన్‌లాక్ అయిందంటే, రూట్ లేకపోయినా, గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ అనే భద్రతా పరీక్షలో ఆ ఫోన్ డివైస్ స్థాయిలో పాస్ అవదు. ఆ పరీక్ష అడిగే బ్యాంకు యాప్‌లు తలుపులు వేసేస్తాయి. మాడ్యూళ్ళతో కప్పిపుచ్చుకునేవాళ్ళు ఉన్నారు గానీ, 2025లో ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లకి హార్డ్‌వేర్ నుంచే సాక్ష్యం అడగడం మొదలుపెట్టాక ఆ ఆట కష్టమైంది. ఇవాళ పనిచేసింది వచ్చే వారం కూరగాయల బండి దగ్గర క్యూఆర్ ముందు ఆగిపోతుంది. నాన్న దగ్గర చిల్లర నోట్లు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి ఆయనకి ఇబ్బంది లేదు. నాకైతే కుదరదు.

మీ స్థానంలో నేనుంటే, ఇది రోజూ డబ్బులు కట్టే ఫోనయితే, డేటా బ్యాకప్ తీసుకుని, పూర్తి స్టాక్ ఫర్మ్‌వేర్ వేసేసి మామూలుగా అప్‌డేట్‌లు తీసుకుంటాను. ఒక జాగ్రత్త: ఫర్మ్‌వేర్ మీ ఫోన్‌లో ఉన్నదానికంటే పాతది కాకూడదు. చాలా ఫోన్లలో వెనక్కి వెళ్ళకుండా యాంటీ రోల్‌బ్యాక్ ఉంటుంది, పాతది బలవంతంగా వేస్తే ఫోన్ ఇటుకైపోవచ్చు. బూట్‌లోడర్ మళ్ళీ లాక్ చేయాలనుకుంటే అంతా పూర్తిగా స్టాక్‌లో ఉందని, ఒకసారి సరిగ్గా బూట్ అయిందని చూసుకున్నాకే చేయండి. మ్యాజిస్క్ ప్యాచ్ ఉన్న బూట్ ఇమేజ్ అలాగే ఉండగా లాక్ చేస్తే ఫోన్ లేవదు. లాక్ చేసినప్పుడు కూడా డేటా మొత్తం చెరిగిపోతుంది, అన్‌లాక్ చేసినప్పటిలాగే.

ఫోన్ మోడల్, ఇప్పుడున్న బిల్డ్ నంబర్, స్లాట్‌లు ఉన్నాయా లేవా, రూట్ చేశాక సిస్టమ్‌లో ఏమైనా మార్చారా, ఈ నాలుగూ కింద రాయండి. ఏ ఇమేజ్ తెచ్చుకోవాలో చూసి చెప్తాను. అప్పటిదాకా ఆ ఇన్‌స్టాల్ బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కకండి, ఎన్నిసార్లు నొక్కినా అది అదే లెక్క చూసుకుని అక్కడే ఆగుతుంది.